రోడ్డుకు అవతల ఫోను, ఇవతల డబ్బా

ఇప్పుడు ఎవరి జేబులో వాళ్ళ ఫోన్ మోగుతుంది, పక్కవాడు తలెత్తి కూడా చూడడు. మేము కొలువుల్లో చేరిన కాలం అలాంటిది కాదు. ఆర్మూరులో ఒక ఫోన్ మోగిందంటే చుట్టుపక్కల దుకాణాల వాళ్ళు చేతిలో పని ఆపి, ఎవరికో అన్నట్టు అటు చూసేవారు. సగం ఇళ్ళలో ఒక మగమనిషి గల్ఫులో ఉండేవాడు కాబట్టి ఆ చూపుకు అర్థం ఉండేది. తొంభైల చివరి సంవత్సరాల మాట ఇది. పసుపు కొమ్ములు మార్కెట్టుకు వచ్చే నెలల్లో మా ఊళ్ళో గాలి కూడా పచ్చగానే వీచేది. తెల్ల చొక్కా వేసుకుని పొద్దున ఇల్లు దాటినవాడు సాయంత్రానికి పెళ్ళికొడుకులా తిరిగొచ్చేవాడు (మా అమ్మ నా తెల్ల చున్నీలు ఉతికి ఉతికి విసిగి, చివరికి అన్నిటినీ తనే పసుపు నీళ్ళలో ముంచి ఆరేసింది). అలాంటి ఊళ్ళో, అలాంటి కాలంలో, నేను కంప్యూటర్ నెట్‌వర్కు ఇంజినీరునని చెప్పుకుని తిరిగాను. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సినంత కారణం ఉండీ నవ్వలేదు. అందుకే ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ముందు ఆ మనుషులకు మనసులోనే ఒక దండం పెట్టుకుని మొదలుపెడతాను.

ఇంజినీరు అన్నది పెద్దమాటే. నిజామాబాదులో డిప్లొమా చదివి, హైదరాబాదులో చుట్టాలింట్లో ఉండి ఒక చిన్న కోర్సు చేసి వచ్చాను. మా అమ్మ బీడీలు చేసేది. మా మేనమామ ఒక పసుపు కమీషన్ దుకాణంలో గుమాస్తా. ఆ దుకాణానికి రెండిళ్ళ అవతల, మేడ మీద, ఒక విత్తనాల కంపెనీ ఆఫీసు ఉండేది. అక్కడికి కంప్యూటర్లు వచ్చాయనీ చూసుకునే మనిషి లేడనీ వినగానే మామ పోయి, "మా కోడలుపిల్ల కంప్యూటర్ ఇప్పి మళ్ల బిగిస్తది" అని చెప్పి వచ్చాడట (నేను అప్పటికి ఫ్యానైనా విప్పలేదు). మేనేజర్ గారు నన్ను పిలిపించి, విప్పమని అడగకుండానే కొలువిచ్చారు. ఆయన చాలా నెమ్మది మనిషి. గొంతు పెంచి మాట్లాడటమంటే ఆయనకు అసహ్యం. నౌకరును పిలవాలన్నా బల్ల మీద పెన్నుతో టక్‌టక్ అనిపించేవారే తప్ప పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఆయన నన్ను "బిడ్డా" అనేవారు. మిగతా బజారంతా నన్ను కంప్యూటర్ పిల్ల అనేది.

మా కంపెనీకి అంకాపూర్‌లో ఒక ప్లాంటు ఉండేది. ఆ ఊరి రైతులు పండించిన జొన్న, సజ్జ విత్తనం అక్కడ శుభ్రపడి సంచులకెక్కేది. కానీ సంచి గేటు దాటాలంటే దానికి చీటీ కుట్టాలి. ఆ విత్తనం మొలకెత్తుతుందని హైదరాబాదు ల్యాబు ఒప్పుకుంటేనే చీటీ పడుతుంది. అంతకుముందు ఒక మనిషి బస్సులో హైదరాబాదు పోయి, ఫలితాల కాగితాలు తెచ్చేవాడు. కొత్త ఏర్పాటు ఏమిటంటే, హైదరాబాదు కంప్యూటరు నేరుగా అంకాపూర్ కంప్యూటరుతో మాట్లాడి చీటీలు అచ్చు వేయిస్తుంది. మధ్యలో దొంగచీటీలు పడకుండా ఇంకే దారీ ఉంచలేదు. ఆ మాటలన్నీ మా ఆర్మూరు ఆఫీసు మీదుగా పోవాలి. అందుకోసం మా దగ్గర ఒక రౌటర్ పెట్టారు. అందరూ దాన్ని డబ్బా అనేవారు. మూడు తీగలు దానికి. ఒకటి హైదరాబాదు వైపు, ఒకటి అంకాపూర్ వైపు, మూడోది మా ఆఫీసులోని కంప్యూటర్లకు (డబ్బాకు మాట చెప్పే తెరకు వేరే పొట్టి తీగ ఉండేది, అది లెక్కలోకి రాదు). ఏ మాట వచ్చినా దాని మీద రాసిన నంబరు చూసి ఏ తీగ మీద పంపాలో తేల్చడమే డబ్బా పని. బస్టాండులో కిటికీ దగ్గర కూర్చుని, భీమ్‌గల్ బస్సు అటు, బాల్కొండ బస్సు ఇటు అని వేలు చూపించే మనిషి చేసే పనే అది.

హెడ్డాఫీసులో ఈ తీగల వ్యవహారం చూసే పెద్దాయన ఒకరుండేవారు. ఎవరు ఎంత కంగారుగా ఫోన్ చేసినా "మెల్లె, మెల్లె" అంటూ మొదలుపెట్టేవారు కాబట్టి ఆయన పేరు మెల్లె సారు. హైదరాబాదు నుంచి ఆర్మూరు దాకా ఆయనే కలిపారు. అంకాపూర్ తీగ వచ్చాక ఫోన్ చేయమనీ, ఇద్దరం కలిసి చేద్దామనీ నాకు చెప్పి వెళ్ళారు. తీగ వచ్చింది. నేను ఫోన్ చేయలేదు. ఇంత చిన్నపనికి సారును ఇబ్బంది పెట్టడం ఎందుకని, అంకాపూర్ పోయి ఆ డబ్బాను నేనే సిద్ధం చేసి వచ్చాను. ప్రతి చోటికీ ఒక నంబరు పెట్టాలి కదా. కోర్సులో ప్రతిరోజూ ఒకే నంబరుతో మాకు నేర్పేవారు, నూటతొంభైరెండు, నూటఅరవైఎనిమిది, ఒకటి అని. ఆర్మూరు ఆఫీసుకు అదే ఉంది. అంకాపూర్‌కూ అదే పెట్టాను. ఇంటిపేరు ఒకటైతే ఒక కంపెనీ వాళ్ళని తెలుస్తుంది కదా అని నా ఆలోచన.

ఆ శుక్రవారం రోహిణి కార్తె చివర్లో వచ్చింది. పొద్దుటి నుంచే గుట్ట వెనక మబ్బు కడుతోంది. అంకాపూర్ ప్లాంటు ముందు ట్రాక్టర్లు నిలబడ్డాయి. వాన పడితే మృగశిరకు ముందే దున్నుకునేవాళ్ళు దున్నుకుంటారు, అప్పటికి విత్తనం చేతిలో ఉండాలి. ల్యాబు ఒప్పుకుంది, హైదరాబాదు చీటీలు పంపింది, అవి అంకాపూర్ చేరలేదు. మా ఆఫీసు దాకా వచ్చిన మాట డబ్బాలో దిగి, ఆపైన ఏమైపోతోందో తెలియడం లేదు. నేను కుర్చీ ముందుకు జరుపుకుని, ఈ నంబరుకు దారి అంకాపూర్ తీగ మీదుగా అని డబ్బాకు చేత్తో రాశాను. అలా మనం రాసే దారిని స్టాటిక్ రూట్ అంటారు. డబ్బా దాన్ని తీసుకుంది. తప్పని అనలేదు. అంకాపూర్ మాత్రం పలకలేదు. మళ్ళీ అదే రాశాను. ఈసారి ఎంటర్ మీట గట్టిగా నొక్కాను. ఆ తర్వాత ఎన్నిసార్లు రాశానో, ప్రతిసారీ ఎంత గట్టిగా నొక్కానో ఆ మీటకే తెలుసు. చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాను. డబ్బా ప్రతిసారీ అంతే మర్యాదగా తీసుకుని, అంతే మర్యాదగా పక్కన పెట్టింది.

మధ్యాహ్నానికి మేనేజర్ గారు నా వెనక వచ్చి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. సాయంత్రందాకా చూద్దామనీ, కాకపోతే రేపటి నుంచి మళ్ళీ బస్సులో మనిషినే పంపుదామనీ, ఈ డబ్బాను తిరిగి హైదరాబాదు పంపేద్దామనీ అన్నారు. డబ్బా పోతే దాన్ని చూసుకునే పిల్లతో పనేమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మెల్లె సారుకు ఫోన్ చేద్దామంటే ఆఫీసు ఫోన్ చచ్చిపోయి ఉంది. కింది దుకాణం వాళ్ళు మెట్లు కట్టుకోవడానికి తవ్వుతూ పొద్దున్నే దాని తీగను గడ్డపారతో తెంపేశారు (డబ్బా తీగలు వెనకవైపు నుంచి వచ్చేవి, అవి బతికే ఉన్నాయి). నేను మెట్లు దిగి రోడ్డు దాటి ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను.

ఆ బూతు మా ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. నడిపేది ఫోన్ వదిన. ఆమె భర్త గల్ఫులో. పోయేముందు ఆ బూతు పెట్టించి పోయాడు. గడప మీద ఆమె అత్త, మేమంతా అవ్వ అనేవాళ్ళం, చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని బీడీలు చేస్తూ కూర్చునేది. వదిన నంబరు కలిపి ఇచ్చింది. నేను ఏడుపు గొంతుతో చెప్పిందంతా విని మెల్లె సారు, "మెల్లె అమ్మా. ఆ ఫోన్ పెట్టెయ్యి, నేనే ఆ నంబరుకు చేస్త" అన్నారు. చేశారు. కానీ ఆయన అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు రోడ్డుకు అవతల, మేడ మీద, కంప్యూటరు తెర మీద ఉంది. నేను ఒకసారి పరుగెత్తి చూసి వచ్చాను. రెండోసారి పోయి వచ్చేసరికి నాకు మాట రావడం లేదు. అప్పుడు ఫోన్ వదిన నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నువ్వు పోయి డబ్బా కాడ కూసో. సారు అడిగింది నేను అత్తకు చెప్త. అత్త రోడ్డు మీదికెళ్లి మీ మేనేజరుకు చెప్తది" అంది.

అలా మొదలైంది. మెల్లె సారు హైదరాబాదులో చెబితే వదిన బూతులో వింటుంది. వదిన చెబితే అవ్వ రోడ్డు అంచున నిలబడి కేకేస్తుంది. అవ్వ కేకను మేనేజర్ గారు బాల్కనీలో పట్టుకుని లోపల నాకు అందిస్తారు. నా జవాబు అదే దారిన వెనక్కి పోతుంది. అవ్వ చిన్నతనంలో జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలిన మనిషి, ఆ గొంతు మార్కెట్టు యార్డు దాకా వినిపించేది. కష్టమంతా మేనేజర్ గారిదే. ఆయన మొదట బాల్కనీలోంచి తగ్గు గొంతుతో జవాబు చెప్పారు. అవ్వ చెయ్యి చెవికి ఆనించి, "సారూ, జర అన్నం తిన్నట్టు మాట్లాడుండ్రి" అంది. ఆ తర్వాత ఆయన గొంతు తెరుచుకుంది. అంత గొంతు ఆయన దగ్గర ఉందని ఆయనకే తెలిసినట్టు లేదు.

డబ్బాకు తెలిసిన దారులన్నీ తెర మీద చూపించడానికి ఒక ఆజ్ఞ ఉంటుంది, 'షో ఐపీ రూట్' అని. మెల్లె సారు అదే చెప్పారు. వదిన దగ్గరికి వచ్చేసరికి అది 'సో ఐపీ రూటు' అయింది. అవ్వ నోట "చూపి రూటు" అయింది. అదేమిటని మేనేజర్ గారు అడిగితే, "రూటు చూపియ్యాల్నట సారూ" అని అవ్వ విడమరిచి చెప్పింది. మూడు నోళ్ళు మారినా అర్థం చెక్కుచెదరలేదు. మా కంపెనీ నంబర్లన్నిటి మొదట్లో వచ్చేవి చెబుతూ సారు మధ్య చుక్కను డాట్ అంటే, అవ్వ "నూటతొంబైరెండు దాటు, నూటఅరవైఎనిమిది దాటు" అని అరిచింది. రోడ్డు దాటడానికి జంకుతూ నిలబడిన ఒక ముసలాయన ఆమె తనకే చెబుతోందనుకుని దాటేశాడు.

తెర మీద ప్రతి దారికీ ముందు ఒక అక్షరం ఉంటుంది. మనం చేత్తో రాసిన దారికి ఎస్. డబ్బాకు నేరుగా తగిలి ఉన్న తీగ దారికి సి. మెల్లె సారు అడిగింది ఒక్కటే, అంకాపూర్‌కు నేను పెట్టిన నంబరు ముందు ఎస్ ఉందా అని. నేను చూశాను. "ఎస్ లేదు సార్, సి ఉంది" అన్నాను. మేనేజర్ గారు బాల్కనీలోంచి, "నో. సీ" అని కేకేశారు. అవ్వ వెనక్కి తిరిగి, "లేదట. మేనేజరు సీ అంటున్నడు" అంది. మా వైపు ఛీ అన్నా సీ అన్నా ఒకటే, ఫోన్ వదిన ఆలోచనలో పడింది. ఎక్కడో హైదరాబాదులో ఉన్న పెద్దమనిషి, ఎంతో ఓపికగా మాట్లాడుతున్న మనిషి, ఆయనతో 'మా వాళ్ళు మిమ్మల్ని సీ అంటున్నారు' అని ఎలా చెబుతుంది. మర్యాద తెలిసిన ఇల్లాలు. "లేదట సార్" అని ఊరుకుంది.

ఆ నంబరే కనిపించడం లేదన్నమాట అనుకున్నారు మెల్లె సారు. అలాగైతే ఏదో తీగ సరిగా తగల్లేదేమో, ముందు మా ఆఫీసు కంప్యూటర్లకు పోయే తీగ పీకి మళ్ళీ పెట్టమన్నారు. ఆ కబురు వచ్చింది. తీగ పీకాను. పీకగానే తెర మీద సి పోయి, నేను పొద్దుటి నుంచి రాస్తున్న దారి దేవుడిలా ప్రత్యక్షమైంది, ముందు ఎస్‌తో. "సార్, ఎస్ వచ్చింది" అని నేనంటే మేనేజర్ గారు "ఎస్" అన్నారు, అవ్వ "ఎస్" అంది. అదే క్షణంలో మెల్లె సారు ఫోన్లో "తీగ పీకిన్రా?" అని అడుగుతున్నారట. "ఎస్సట సార్" అంది వదిన. పీకామని చెబుతున్నామనుకుని సారు సంతోషించి, మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. ఎస్ పోయింది, సి వచ్చింది. మేనేజర్ గారు "సీ" అన్నారు. వదిన మళ్ళీ దాచింది. ఇలా ఆ తీగను ఎన్నిసార్లు పీకామో, ఎన్నిసార్లు పెట్టామో. ఈలోగా బజారులో ఇంకో కథ మొదలైంది. పదో తరగతి ఫలితాలు రావాల్సిన రోజులవి. మేడ మీది నుంచి ఎస్, సీ, ఎస్, సీ అని మేనేజరు కేకేస్తుంటే, ఎస్సెస్సీ రిజల్టు కంప్యూటర్లో వచ్చిందని టీ కొట్టు దగ్గర ఎవరో తేల్చారు. కాసేపటికి ఒక తండ్రి హాల్‌టికెట్టు పట్టుకుని మా మెట్లెక్కి వచ్చి, తన కూతురి నంబరు కూడా జర చూడమని మేనేజర్ గారిని బతిమాలాడు.

చివరికి మెల్లె సారుకే అనుమానం వచ్చింది. ఆ నంబరు దగ్గర ఎస్ లేకపోతే మరి ఏమీ లేదా, ఖాళీగా ఉందా అని వదినను గుచ్చి అడిగారు. వదిన ఫోన్ చెవి మార్చుకుని, గొంతు తగ్గించి చెప్పిందట. "ఏమనుకోకుండ్రి సారూ. లేదన్నప్పటికెల్లి మావోళ్లు సీ అంటున్నరు. పెద్దమనిషికి గా మాట ఎట్ల చెప్తమని నేనే చెప్తలేను." అవతల చాలాసేపు చప్పుడు లేదట. లైన్ తెగిందేమోనని వదిన రెండుసార్లు హలో అన్నాక, సారు నవ్వుతున్నారని అర్థమై, తనకూ నవ్వు ఆగలేదట. నవ్వు ఆగాక ఆయన నన్ను కిందికి పిలవమన్నారు.

నేను ఫోన్ అందుకోగానే, తీగ పీకినప్పుడు ఏమైందని అడిగారు. ఎస్ వచ్చిందనీ, పెట్టగానే పోయిందనీ చెప్పాను. "అంకాపూర్‌కు ఏ నంబరు పెట్టినవ్ అమ్మా?" అన్నారు. చెప్పాను. "ఆర్మూరుకు?" అన్నారు. "అదే సార్" అన్నాను. ఆ మాట అంటుంటేనే నా చెవులు వేడెక్కాయి. ఆయన తిట్టలేదు. "మెల్లె. డబ్బా నీ మాట వినక కాదు, దానికో పద్ధతి ఉంది. తన ఒంటికి తగిలున్న తీగ దానికి మొదలు. మనం చేత్తో రాసిన దారి దాని తర్వాత. పక్క డబ్బాలు చెప్పే కబుర్లు ఆఖరుకు. ఒకే నంబరుకు తీగా ఉండి, నువ్వు రాసిన దారీ ఉంటే, నీ రాతను పారెయ్యదు, పక్కకు పెట్టుకుంటది. తీగ ఉన్నంతసేపు తీగనే నమ్ముతది" అన్నారు. రెండు వాడలకు ఒకే పేరు పెట్టి, ఎదురుగా ఉన్న వాడను వదిలి అంకాపూర్ వాడకు పొమ్మంటే పోస్టుమ్యాన్ ఎందుకు పోతాడని కూడా అన్నారు. పొద్దుటి నుంచి హైదరాబాదు పంపిన మాటలన్నీ మా డబ్బా మా ఆఫీసులోనే వెతికి, అలాంటి కంప్యూటరు ఇక్కడ లేదని పారేస్తోందన్నమాట. నేను ఎంత గట్టిగా ఎంటర్ నొక్కినా దాని కళ్ళముందున్న తీగను అది కాదనలేదు.

తప్పు నంబరును మార్చాలంటే అంకాపూర్ పోయి, అక్కడ అన్నిటికీ మొదటి నుంచి మళ్ళీ రాయాలి. అంతసేపు ట్రాక్టర్లు ఆగాలా అని నేను నీరుగారిపోతుంటే, ఆయనే దారి చెప్పారు. ఆర్మూరు ఆఫీసు తీగ పీకి అలాగే ఉంచితే, మా నంబరు మాయమై, నేను రాసిన దారి పైకి వస్తుంది. మా కంప్యూటర్లు మూగబోతాయి, కానీ అంకాపూర్ పలుకుతుంది. చీటీలన్నీ పడ్డాక, రేపు నిదానంగా నంబరు మార్చుకోవచ్చు. నేను మేడ మీదికి ఒక్క పరుగు తీసి తీగ పీకాను. ఎస్ వచ్చింది. కొద్దిసేపటికి రోడ్డు మీది నుంచి అవ్వ కేక వినిపించింది. "సారూ, అంకాపూరు పలికిందట." మేనేజర్ గారు బాల్కనీలోంచి లోపలికి వచ్చారు. పీకిన తీగ కొసను నా చేతిలోంచి తీసుకుని, ఎవరైనా పొరపాటున మళ్ళీ పెట్టేస్తారేమోనని, కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నారు. టీ వచ్చినా ఎడమచేత్తోనే తాగారు. చీటీలన్నీ పడి ట్రాక్టర్లు కదిలాయని ప్లాంటు నుంచి మనిషి మోటారు సైకిల్ మీద వచ్చి చెప్పేదాకా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు. (మర్నాడు ఆయన స్కూటరు వెనక కూర్చుని పోయి అంకాపూర్‌కు వేరే నంబరు పెట్టి వచ్చాను. ఆపైన సి, ఎస్ ఒకే తెర మీద కిందా మీదా పొత్తుగా ఉన్నాయి. డబ్బాను వెనక్కి పంపే మాట ఇంకెవరూ ఎత్తలేదు.)

సాయంత్రం బూతుకు పోయాను, వదినకు చెప్పి ఇంటికి పోదామని. అవ్వ గడప మీద బీడీలు కట్టకుండా ఊరికే కూర్చుని ఉంది. గొంతు పూర్తిగా పోయింది. వదిన ఫోన్ పక్కనే ఉంది కానీ నా మాటలు వింటున్నట్టు లేదు. పక్క మందుల దుకాణం సేటు చెబితే అప్పుడు తెలిసింది. గల్ఫులో శుక్రవారం సెలవు. వదిన భర్త వారానికి ఆ ఒక్కరోజు, మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు. అక్కడ అందరికీ కలిపి ఒకటే ఫోన్, వరుసలో నిలబడాలి. ఆ మధ్యాహ్నం ఆ ఫోన్ వదిన చెవి దగ్గర, నా డబ్బా కోసం ఉంది. చేసినప్పుడల్లా ఎంగేజ్ వస్తుంటే ఆయన భయపడి మందుల దుకాణానికి చేశాడట. సేటు ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. "మీ అమ్మ రోడ్డు మీద నిలవడి మేనేజరును సీ సీ అంటుంది. మీ ఇంటామె ఫోన్ పట్టుకుని నవ్వుతుంది. ఏమైందో నాకు ఎర్క లేదు" అని. అంతటితో లైన్ తెగిపోయిందట.

 ముందే ఎందుకు చెప్పలేదని వదినను అడిగాను. "చెప్తే నువ్వు ఫోన్ పెట్టేస్తుంటివి" అంది, అంతే. ఆ రోజు వచ్చిన గిరాకీ అంతా కూడా బూతు దాకా వచ్చి తిరిగిపోయింది. అది మాటవరసకు కూడా ఆమె ఎత్తలేదు. నేను పోలేక, ఉండలేక నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. వదిన అందుకున్న తీరు చూస్తే ఎవరో తెలిసిపోయింది. ఆయన మొదట అమ్మను ఇవ్వమన్నాడు. అవ్వ ఫోన్లో ఏదో అంది, గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల ఆయన కంగారు నాదాకా వినిపించింది. వదిన చెప్పబోయి, చూపి రూటు దగ్గరే నవ్వు ఆపుకోలేక, ఫోన్ నా చేతిలో పెట్టింది.

అన్నకు మొత్తం చెప్పాను. మూడు తీగలూ, ఒకే నంబరూ, డబ్బా పద్ధతీ, వదిన దాచిన సీ, అన్నీ. ఆయన వింటూ వింటూ వెనక ఉన్నవాళ్ళకు చెబుతున్నాడు, వాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరో తన వంతు ఇస్తే మళ్ళీ చేశాడట. చివరికి, "ఇంతకు డబ్బా నడిసిందా చెల్లె?" అని అడిగాడు. నడిచిందన్నాను. ట్రాక్టర్లు పోయాయా అన్నాడు. పోయాయన్నాను. "మంచిగైంది" అన్నాడు. అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. ఆయన వంతంతా నా కథకే అయిపోయింది. ఫోన్ వదినకు ఇచ్చాను. ఆమెకు మిగిలింది ఎంతసేపని. "మంచిగనే ఉన్నం. నువ్వు మంచిగున్నవా" అన్నంతవరకే విన్నాను. ఫోన్ పెట్టేసి, నా మొహం చూసి, "శుక్రవారం మళ్ల రాదా ఏంది" అని ఆమే నన్ను ఓదార్చింది.

ఇంటికి పోయేసరికి నడకలో మళ్ళీ బిగువు వచ్చేసింది. వయసు అలాంటిది. అమ్మతో, హైదరాబాదును అంకాపూర్‌తో కలిపి వచ్చానని చెప్పాను. బజారు కబుర్లు అమ్మ దగ్గరికి నాకంటే ముందే చేరాయి. కలిపింది ఎవరో ఆమె అడగలేదు. పొయ్యి మీది గిన్నె దించి, మిరియాల కషాయం చెంబులో వంచి, "అవ్వ గొంతు పోయిందట. చల్లగ కాకముందే ఇచ్చిరా" అంది.

ఇప్పుడు నా వెంట్రుకలు సగం తెల్లబడ్డాయి. ఎన్నో ఊళ్ళ తీగలు కలిపాను, ఎందరో పిల్లలకు ఈ పని నేర్పాను. దారుల పట్టిక తెర మీద కనబడినప్పుడల్లా, ఎదురుగా ఎంత పెద్ద సారు కూర్చున్నా, నా పెదవి మీదికి కొంచెం నవ్వు వస్తుంది. ఆ సాయంత్రం చెంబు పట్టుకుని చీకటి పడే వేళకు బజారులో నడిచిన ఆ అమ్మాయిని ఇక్కడి నుంచి చూస్తుంటాను. నెట్‌వర్కు ఇంజినీరు చేత కషాయం మోయిస్తారా అని దారిపొడుగునా గొణుక్కుంటూనే పోయింది. అంతటి పనీ తానొక్కతే చేశాననే అనుకుంటోంది పాపం. ఆపి చెబుదామనిపిస్తుంది కానీ, మూత జారకుండా చెంబును రెండు చేతులా అదిమి పట్టుకుని, చల్లారకముందే చేరాలని పెద్ద పెద్ద అంగలు వేస్తోంది, పోనీలే అనిపిస్తుంది.